నాలుగో మనిషి మొహం

వార్డెన్‌బర్గ్,
1884 మార్చి 9.

మిత్రుడు హైరమ్‌కి,

నువ్వూ, మార్తా, మీ ఆవులూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, కళ్ళే ముందుగా సెలవు పుచ్చుకుంటున్నాయి. ఆరేళ్ళకి ఈ ముసలాడికి ఉత్తరం రాయబుద్ధయిందా అని విసుక్కోకు. పొయ్యిలో వెయ్యాలనిపిస్తే చివరిదాకా చదివి వెయ్యి.

మన పత్రికలో చెక్కుడు గది మూసేశారు. ఇప్పుడు కాగితం మీద గీసింది గీసినట్టే జింకు రేకు మీదికి ఎక్కిస్తున్నారట. నువ్వు చెక్క దిమ్మ మీద గీస్తే, దాన్ని ముక్కలుగా విడదీసి నలుగురం పంచుకోవడం, మళ్ళీ బిగించాక అతుకుల మీద గీతలు నేను కలపడం, అదంతా పోయింది. చెక్కేసరికి నీ బొమ్మ చెక్కపొట్టయి నేల మీద పడేది. అసలు గీసిందేమిటో చూద్దామంటే ఎవరికీ మిగిలేది కాదు.

క్రానల్ మళ్ళీ మేయరు పదవికి నిలబడుతున్నాడు. మంచినీళ్ళ గొట్టాల సొమ్ము మింగినవాడే. ఆ బురదనీళ్ళు తాగి ఎంతమంది పసివాళ్ళు పోయారో నీకు చెప్పాలా! మన ఎడిటర్ ఫించ్ ఎన్ని సంపాదకీయాలు రాసినా వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆరేళ్ళ కిందట దొంగల ముఠా ముందు ఓ బొజ్జవాణ్ణి నిలబెట్టిన నీ బొమ్మ వచ్చాక మాత్రం, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ బొజ్జవాడు నేను కాదంటూ తనే మన ఆఫీసుకొచ్చి అరిచాడు. బొమ్మ బలం అది. మన ముత్తాతల నాడు పత్రికలో వేసిన ముక్కలైన పాము బొమ్మ ఒకటి ఈ దేశపు విడివిడి సీమల్ని ఒక్కటి కమ్మంది. చదువు రానివాడికీ కళ్ళుంటాయిరా అని నువ్వే అనేవాడివి.

హైరమ్‌ని రమ్మని రాయవయ్యా, వాడు గీస్తేనే వీడు ఓడతాడు అని ఫించ్ ప్రాణం తీస్తున్నాడు. ఆ గుమాస్తా టకెట్ పోయిననాడే హైరమ్ చెయ్యి కుంచె వదిలేసిందని చెప్పాను.

ఆ బొమ్మలో క్రానల్ వెనక సొమ్ము సంచి పట్టుకున్న నాలుగో మనిషిది అచ్చం నీళ్ళ ఆఫీసు గుమాస్తా జోసయా టకెట్ మొహం. పాపం, పరాయి సొమ్ము చిల్లిగవ్వ ముట్టనివాడు. ఏరు దాటే పడవలో రోజూ, సంచి ఎక్కడ దాచావయ్యా అని జనం ఎగతాళి. చర్చిలో ఆయన కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయ్యేది. మూడు వారాలకి ఓ సాయంత్రం పడవ అవతలి ఒడ్డు చేరింది, ఆయన చేరలేదు.

ఆనాడే నువ్వు ఆ పత్రిక పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చావు. ఆ మొహం నేనే గీశానా, నీడలా సిరా పూసి వదిలినట్టు గుర్తురా, నిజం చెప్పు అని బతిమాలావు. నువ్వు గీసిందే చెక్కాను, నా మీదికి నెట్టకు అని కసిరాను. నువ్వు ఊరొదిలి పొలానికి వెళ్ళిపోయావు. తరవాత రెండు ఉత్తరాలు రాశావు. నేను జవాబివ్వలేదు.

రా, హైరమ్. ఈ ఊరికోసం మళ్ళీ గియ్యి.

నీ
గాట్‌ఫ్రీడ్ లెంక్

తా.క. నువ్వు నీడే పూశావు. ఆ మనిషికి మొహం లేదు. అతుకు దగ్గర నా ఉలి జారి తెల్లటి గాటు పడింది. కొత్త దిమ్మకి వ్యవధి లేదు. ఆ గాటునే ముక్కు చేసి మొహం కట్టేశాను. రోజూ పడవలో నా ఎదురుగా కూర్చునేవాడి మొహమే చేతికొచ్చింది. నిన్న టకెట్ భార్యతో చెప్పాను. ఆవిడ తలుపు వేసుకుంది. ఈ సంగతంతా ఫించ్‌కి రాసిచ్చాను, శనివారం నా పేరుతోనే అచ్చవుతుంది. నీ చెయ్యి ఎవర్నీ చంపలేదురా. నన్ను క్షమించకు, పరవాలేదు. మొదటి బొమ్మ మాత్రం నాదే గియ్యి. ఆ సంచి నా చేతికివ్వు.