మొగుడి దగ్గరే మాడు వాసన

తెల్లారేసరికి మబ్బు కమ్మింది, బట్టలు లోపల ఆరేశాను. పొయ్యి మీద ఏదైనా పెడితే పక్కనే నిలబడు. ఆ వైరస్ జ్వరం తగ్గినప్పటి నుంచీ నీకు చాలావరకు మాడు వాసనే కదా, నిజంగా మాడినా తెలియదు.

ముక్కు నరాలు దెబ్బతిన్నాయి, మెల్లగా సర్దుకుంటాయి అన్నాడు డాక్టరు. సరే. నేను దగ్గరికొస్తే ముక్కు మూసుకుంటావు. నిన్న మా తమ్ముడు పని నుంచి చెమటలు కక్కుతూ వస్తే మాత్రం, "నీ దగ్గర ఏ వాసనా లేదయ్యా, ఇలా కూర్చో" అన్నావు. వాడేమో "అన్నయ్యా, కాస్త దూరం జరుగు" అని ఒకటే నవ్వు. నీ నరాలకి మొగుడొక్కడే దొరికాడా?

రాత్రికి వాణ్ణి బయట తినేసి రమ్మన్నాను.

రాయడం మరిచాను, రాత్రి తినేటప్పుడు కిటికీ వైపు నువ్వు కూర్చో. గాలి నీ మీదుగా నా వైపుకి వస్తుంది. మాట్లాడక్కర్లేదు, ఇద్దరం ఒకచోట కూర్చుని తింటే చాలు.