అచ్చంపేటలో ఉరికినందుకు

బాపూ, అక్కా బావా నేనూ బాగున్నాం. అచ్చంపేట నుంచి ఏ చావు కబురొచ్చినా నమ్మి బస్సెక్కకు.

ఆదివారం మన్ననూరు దాటి గుట్టెక్కి ఉరికి రావాలని నిన్న కొంత దూరం ఉరికి చూశాను. బస్సు డ్రైవర్ బండి ఆపి, "ఎవలికేమైంది తమ్మీ? ఎక్కు" అన్నాడు. "ఏం గాలే, ఊకెనే ఉరుకుతున్న" అన్నాను. నమ్మలేదు, ఎవరో పోయారని ఉరుకుతున్నానని బస్టాండంతా చెప్పాడు. నేను తిరిగొచ్చేసరికి అక్క వాకిట్లో జనం, మన అవ్వ పోయిందని ఒకటే ఏడుపు! ఎవరో చస్తేనే మనిషి ఉరకాలా? అక్క నన్నే తిట్టి బూట్లు దాచింది. ఉత్త కాళ్ళతోనైనా ఉరుకుతాను.

నల్ల గొర్రె ఈనిందా? నా పాత బూట్లు ఎవరితోనైనా పంపు. అవ్వకు దండాలు. ఆదివారం ఒక్కరోజు జర పైలంగా ఉండమను.

నీ కొడుకు బీరయ్య