మంచం విప్పాను

మన పెళ్లైన ఏడాది నేను చేసిన మంచాన్ని మీ అక్క నల్లుల పుట్ట అన్న మాట పదేళ్లయినా నేను మరవలేదు. చివరికి నువ్వూ అదే మాట అని వాళ్లింటికి పోయావు. నేను కులాసా. మొన్న మంచం విప్పాను. వడ్రంగిని, అబద్ధం రాయను, మంచం కోళ్ల బెజ్జాలన్నిట్లో నల్లులే. మూడు పూటలు మరిగే నీళ్లు పోసి ఎండబెట్టాను. ఇప్పుడు ఒక్కటి లేదు, మీ అక్కని వచ్చి వెతుక్కోమను. దుప్పట్లతో పాటు నీ నీలం చీర కూడా ఉడికి రంగు పోయింది, తిట్టకు. నీ మోకాలు ఎలా ఉంది? మంచం బిగించాలంటే అవతలి కొస ఒకరు పట్టుకోవాలి. పక్కింటాయన "నేను పడతాలే మేస్త్రీ" అంటే వద్దన్నాను. ఆనాడు పట్టింది నువ్వే. నువ్వొచ్చేదాకా నేలమీదే పడుకుంటాను. మీ అక్కకి నమస్కారాలు. ఏ రోజు వస్తావో గురువారం లోపల జవాబు రాయి.