వారాకో బొటనవేలు

వయ్యదోలిద్, ఏప్రిల్ 18, 1880

ప్రియమైన అక్కకు,

నువ్వు పంపిన గొర్రెపాల జున్ను అందింది. మా కుట్టుశాలలో వాసన పసిగట్టి తలా ఒక ముక్క లాగేశారు. నాకు మిగిలింది పైతోలు.

ఇక్కడ ఒక చిత్రం జరిగింది. జూలై ఒకటి నుంచి మన పాత వారా కర్రలు, మీటరు కంటే కాస్త పొట్టివి, ఇక చెల్లవట, బట్ట కొలవాలన్నా గోడ కట్టాలన్నా మీటర్లేనట. మా యజమాని పాత కర్రను మూలన పెట్టి మాకు తలా ఒక మీటరు టేపు ఇచ్చాడు. మొన్న పని పలచగా ఉంటే ఒకరినొకరు కొలుచుకున్నాం. నన్ను కొలిచింది ప్లాసిదో. క్యూబా యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు.

“మీటరు యాభై ఏడు. నిన్ను పొట్టివాడని పట్టాళం వద్దందన్నావు కదూ?”

“అవును. మా ఊరి కచేరీలో కొలిచి వద్దన్నారు. ఊళ్ళో నా పేరే అరకుంచం.”

“యాభై ఆరుంటే చాలురా తీసుకోవడానికి! మీ ఊళ్ళో కొలిచినవాడు నిచ్చెనెక్కి కొలిచాడా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత సూది గుచ్చుకున్నా తెలియలేదు.

అక్కా, పదకొండేళ్ళ కిందట పట్టాళానికి మనుషుల్ని ఎంచే చీట్లలో నాకు పదకొండు వచ్చింది. నేను అర వేలు తక్కువని తేలాక నా బదులు తరువాతి అంకె పన్నెండు వెళ్ళింది. ఆ పన్నెండు కిరినో. వెళ్ళిన ఏడాదే క్యూబాలో జ్వరంతో పోయాడు. వచ్చే సెప్టెంబరులో నేను చేసుకోబోయేది అతని చెల్లెలు కాసిల్డాను.

కొలతకు ముందు మూడు రోజులు గోధుమ బస్తాలు నెత్తిన పెట్టుకు తిరిగాను, నిజమే. మన ఊళ్ళో ప్రతివాడూ చేసేదే. వెన్ను అణిగి ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అంత అణుగుతుందా?

కచేరీ గుమ్మం పక్క స్తంభం మీద నాన్న గీసిన ఎత్తు గీత ఇంకా ఉండాలి. మరుసటి ఏడు పట్నం నుంచి కొలతబద్ద వచ్చాక దాని మొహం ఎవరూ చూడలేదు. మన బట్టల కొట్టుకు కొత్త మీటరు కర్ర వచ్చే ఉంటుంది. ఒకసారి కొలిచి రాయి. నా మనసు కుదుటపడుతుంది.

నీ తమ్ముడు,
ఎలాదియో


వల్దెసౌకే, ఏప్రిల్ 27

చిరంజీవి ఎలాదియోకి,

ఉత్తరం అందింది. ఈసారి రెండు జున్నుగడ్డలు పంపుతున్నాను. ఒకటి దాచుకో.

మీటరు కర్ర వచ్చింది. రెండు కొసలా ఇత్తడి తొడుగులు. ఆడవాళ్ళకు నచ్చలేదు. వాళ్ళ బాధ కర్రతో కాదు, వేలితో. కర్ర చివర బొటనవేలు అడ్డంగా ఆనించి, దాని అవతలి నుంచి తరువాతి వారా మొదలుపెట్టడం నాన్న నేర్పిన పద్ధతి. ఆ వేలు వెడల్పు బట్ట ఊరికే వస్తుంది. కొత్త కొలతలో అది కుదరదట.

నిన్న నీ కాబోయే అత్త నికాసియా వచ్చింది. కాసిల్డా పెళ్ళి దుప్పట్లకు ఆరు వారాల పొడవు నారబట్ట తీసుకుంది.

“ఏమే తెక్లా, సర్కారు నీ వేలు కూడా కోసుకుపోయిందటే?”

“లేదు. చేతికే ఉంది.”

“అయితే వెయ్యి. ఆరు వేళ్ళూ లెక్కపెడతాను. వియ్యపురాలివని వదులుతాననుకోకు.”

వేశాను. లెక్కపెట్టింది.

స్తంభం కొలవలేదు. తీరిక లేదు. నువ్వు బస్తాలు మోశావు, అణిగావు, మళ్ళీ సాగావు. అందులో తవ్వవలసినది ఏమీ లేదు. శాన్ ఇసిద్రో పండుగకు రా. జపమాలలో రోజూ నీ పేరు తలుస్తున్నాను.

ఆశీస్సులతో,
అక్క తెక్లా


వయ్యదోలిద్, మే 22

ప్రియమైన అక్కకు,

పండుగ నాడు ఊరంతా ఊరేగింపు వెంట పొలాలకు వెళ్ళినప్పుడు నాకు చెప్పులో రాయి గుచ్చుకుందని వెనక్కి వచ్చాను, గుర్తుందా? రాయి లేదు. జేబులో టేపు ఉంది. కచేరీ తెరిచే ఉంది, లోపల పిల్లి తప్ప ఎవరూ లేరు.

గీత మీటరు యాభై ఎనిమిది మీద ఉంది. ఇంకా నూలుపోగంత ఎక్కువే.

అక్కడే కూర్చుండిపోయాను. ఎక్కువైనది ఎంతో చూద్దామని గీత కింద నా బొటనవేలు అడ్డంగా పెట్టాను. గీతకూ యాభై ఆరుకూ నడుమ సరిగ్గా సరిపోయింది. అప్పుడు అర్థమైంది. సర్కారు పంపిన ఎత్తును వారాల్లోకి మార్చి గీయమని నాన్నకు అప్పజెప్పారు. ఊరి వారా కర్ర ఉండేది మన కొట్లోనే కదా. ఆయన మొదటి వారా పెట్టి, జీవితమంతా చేసినట్టే చివర వేలు ఆనించి, దాని పైనుంచి రెండోది మొదలుపెట్టాడు. ఊరికి బట్ట కొలిచినట్టు మమ్మల్నీ కొలిచాడు.

బండి ఎక్కుతూ కిరినో అన్న మాట చెవిలో ఉంది. “ఒరే అరకుంచం, చివరికి నీ వంతు తుపాకీ కూడా నేనే మొయ్యాలట్రా!” నేను నవ్వుతూ చెయ్యి ఊపాను.

ఆ రాత్రి భోజనం దగ్గరే అడుగుదామనుకున్నాను. నువ్వు వడ్డిస్తూ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

ఇది దాచి కాసిల్డాను చేసుకోలేను. ఆమెకూ నికాసియా అత్తకూ చెప్పాలి. నాన్న అలవాటు కొద్దీ చేశాడని, కావాలని కాదని, నువ్వు ఒక్క వాక్యం రాసి పంపు. నీ మాట మీద వాళ్ళకు నా మాట కంటే నమ్మకం.

నీ తమ్ముడు,
ఎలాదియో


వల్దెసౌకే, జూన్ 3

చిరంజీవి ఎలాదియోకి,

చెప్పవద్దు. తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెట్టాను. అది పూర్తయ్యేదాకా ఆగు, అప్పుడు రాస్తాను.

నాన్న ఎన్నడూ ఎవరికీ తక్కువ కొలవలేదు. ఇప్పటికి ఇంతే రాయగలను.

నికాసియాకు మోకాళ్ళ నొప్పులు. అయినా సాయంత్రం జపానికి వస్తోంది. నా భుజం పట్టుకుని లేస్తోంది.

ఆశీస్సులతో,
అక్క తెక్లా


వయ్యదోలిద్, జూన్ 24

ప్రియమైన అక్కకు,

నీ తొమ్మిది రోజులు ఆగాను. ఇంకో మూడు ఆగాను. నువ్వు రాయలేదు. ఇక ఉండబట్టక కాసిల్డాకు అంతా రాసేశాను. కోప్పడకు. జవాబు ఇవాళ వచ్చింది. నికాసియా అత్త చెబుతుంటే కాసిల్డా రాసినది. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

“బాబూ, మీ నాన్న వేలి పుణ్యాన నా పిల్లలిద్దరి చొక్కాలూ ఎప్పుడూ ఒక మడత ఎక్కువే వచ్చేవి. ఏడాదంతా విప్పుకుంటూ తొడిగేదాన్ని. నా కొడుకు ఎందుకు పోయాడో తెలియక, ఎవరిని తిట్టాలో తెలియక, ఇన్నేళ్ళూ దేవుణ్ణి తిట్టాను. ఇప్పుడు ఒక మనిషి చేతి పొరపాటని తెలిసింది. జీవితంలో ఇవ్వడం తప్ప ఎరగని చెయ్యి. దాన్ని ఏమని తిట్టను? ఆదివారం ఆయన సమాధి మీద పూలు పెట్టి వస్తాను. నువ్వు రా, పెళ్ళి చేసుకో. మీ అక్కకు మాత్రం చెప్పు, ఈమధ్య నా మొహం చూడటం మానేసింది. ఆవిడ తప్పేముంది ఇందులో?”

చదివి కుట్టుశాలలో అందరి ముందూ ఏడ్చాను. ప్లాసిదో తన పని కట్టిపెట్టి నాకు మద్యం పోయించాడు. అక్కా, నాన్నకు క్షమాపణ దొరికింది. నువ్వూ ఇక ఊపిరి తీసుకో. పెళ్ళి నాడు నువ్వు అమ్మ స్థానంలో నా పక్కన నిలబడాలి. నీకు నల్ల పట్టు దుస్తులు నేనే కుడుతున్నాను, కొలతలు పంపు. మీటర్లలో వద్దు, మన వారాల్లోనే, వేలితో సహా.

నీ తమ్ముడు,
ఎలాదియో


వల్దెసౌకే, జూలై 18

ఎలాదియోకి,

నికాసియా మూడు ఆదివారాలు నాన్న సమాధి మీద పూలు పెట్టింది. మూడుసార్లూ నేను పక్కన మోకరించి ఉన్నాను. మూడోసారి ఓర్చుకోలేక ఆమెకు చెప్పేశాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

ఆ ఏడు నాన్నకు రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. నీకూ తెలియనివ్వలేదు. కర్ర ఇంకొకరి చేతికి పోతుందని ఆయన భయం. స్తంభం దగ్గర ఆయన నిలబడి కచేరీ వాళ్ళతో మాట్లాడాడు. కర్ర పట్టింది నేను. గీత గీసింది నేను.

మొదటి వారా పెట్టి వేలు ఆనించాను. అది అలవాటే. కర్ర పైకి జరపబోతూ, ఇది బట్ట కాదని గుర్తొచ్చి ఆగాను. వేలు తియ్యడానికి ఎంతసేపు? తల తిప్పి చూశాను. నువ్వూ కిరినో గుమ్మం బయట వీధివైపు తిరిగి నిలబడి ఒక రొట్టె విరుచుకు తింటున్నారు. చీట్లు అంతకు ముందు ఆదివారమే తీశారు. నీది పదకొండు, అతనిది పన్నెండు. అది ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

“అయిందా అమ్మా?” అన్నాడు నాన్న.

“అయింది నాన్నా” అన్నాను.

వేలు తియ్యలేదు.

ఆయనకు చివరిదాకా తెలియదు. కిరినో కబురు వచ్చిన నాటి నుంచి ప్రతి సాయంత్రం నికాసియా పక్కన కూర్చుని అతని ఆత్మ కోసం జపం చేశాను. ఒక్క రోజు మానలేదు. ఊరు దాన్ని భక్తి అంది.

నేను చెప్పినదంతా నికాసియా చివరిదాకా వింది. సమాధి మీద పూలు సర్దిపెట్టి, నా భుజం పట్టుకోకుండా లేచి వెళ్ళింది.

మంగళవారం కొట్టుకు వచ్చింది. నారబట్ట తెచ్చి బల్ల మీద పరిచింది. ఇంకా కుట్టలేదు.

“పాత వారా కర్ర ఉందా తెక్లా గారూ?”

నలభై ఏళ్ళుగా ఆమె నోట నాకు ‘గారూ’ లేదు. కర్ర ఇచ్చాను.

వేలు పెట్టకుండా ఆమే కొలిచింది. ఆరు వారాలు. చివర మిగిలిన పీలికను నా కత్తెరతోనే కత్తిరించి నా ముందు పెట్టింది.

“ఇవి మీవి. ఆరు వేళ్ళూ ఉన్నాయి, చూసుకోండి.”

“నికాసియా…”

“అబ్బాయికి ఏ పాపమూ తెలియదు. కాసిల్డా అతన్నే చేసుకుంటానంటోంది. నేను అడ్డు చెప్పను. పెళ్ళి వయ్యదోలిద్‌లో. మీరు రాకండి.”

“సరే” అన్నాను.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరగలేదు.

“ఆ రోజు నా కొడుకు తిన్న రొట్టె మీ ఇంటిదేనా?”

“అవును.”

వెళ్ళిపోయింది. సాయంత్రం జపానికి రాలేదు. ఇక రాదు.

అమ్మ పోయేనాటికి నీకు రెండేళ్ళు. అది సాకుగా రాయడం లేదు. పాపం ఒప్పుకోవడానికి గుడికి వెళితే ఫాదర్ నన్ను ఒకటే అడిగారు, ఆ కర్ర మళ్ళీ నీ చేతికిస్తే వేలు తీస్తావా అని. తీస్తానంటే పాపవిముక్తి ఇస్తారు. మోకాళ్ళ మీద ఉన్నాను, ఎదుట శిలువ ఉంది. తీస్తానని అనడానికి నోరు రాలేదు. లేచి ఇంటికి వచ్చాను.

నా దుస్తులు కుట్టవద్దు. ఆ పట్టు కాసిల్డాకు పనికొస్తుంది.

పీలిక నా ప్రార్థన పుస్తకంలో ఉంది. దాన్ని కొత్త మీటరు కర్ర మీద పెట్టి కొలిచాను. పధ్నాలుగు సెంటీమీటర్లు. దేనికీ చాలదు.

తెక్లా