ఇంజన్ ముఖానికి పసుపు రంగు

మంగళవారం రాత్రి, తాండూరు

నేను చేస్తున్న బ్రిటిష్ డీజిల్ ఇంజన్ మోడల్ బొమ్మ ముఖానికి చివరకు పసుపు వేశాను. అంచు వంకరపోయింది.

నిన్నటిదాకా దాన్ని మొత్తం ఆకుపచ్చగానే ఉంచాలని మొండికేశాను. అక్కడివాళ్లు పసుపు ఎందుకు వేశారో తెలియక కాదు. ఆవిరి ఇంజన్లు పోయి డీజిల్, కరెంటు ఇంజన్లు వచ్చాక, పట్టాల మీద పనిచేసేవాళ్లకు రైలొచ్చే చప్పుడు దూరం నుంచి వినబడేది కాదట. కనీసం కనబడాలని ఆ రంగు. చదివాను, అయినా ఎబ్బెట్టుగా ఉందనుకున్నాను.

సాయంత్రం తమ్ముడు మల్లేశ్ డ్యూటీ దిగి వచ్చి గడప మీదే కూలబడ్డాడు. వికారాబాద్ వైపు పట్టాలు చూసుకునే పని వాడిది.

"పక్కపొంటి బండల పాలిషింగ్ మిషన్ల రొదల కరెంటింజన్ వచ్చుడే ఇనబడలే అక్కా. గాలి తాకినంక పట్టాల పక్కకు దుంకిన. అమ్మకు చెప్పకు."

చెప్పలేదు. అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని, ప్లేటు పక్కకు జరిపాడు.

"రేపు సెలవు పెట్టురా."

"రేపు నైట్ డ్యూటీ అక్కా. మనుషులు లేరు."

వాడు పడుకున్నాక రంగు డబ్బా మూత తీశాను. బొమ్మకు వేస్తే వాడికేం ఒరుగుతుందో నాకూ తెలియదు.

ఇందాక లైటు ఆర్పి, గుమ్మం దగ్గర నిలబడి చూశాను.

పసుపు కనబడలేదు.