స్కానర్ అద్దం మీది గీత

బావా,

అమ్మను చూసేకి ఆళ్లగడ్డకు పోతాండా, రేపు మాపటికి వస్తా. అన్నం కుక్కర్‌లో ఉంది. ఫ్రిజ్‌లో స్టీలు గిన్నెలో ఉండేది చారు, మందనుకోని దాంట్లో ఫిల్ములు కడగాకు. బాత్రూం తీగె మీదంతా నీ ఫిల్ములే యాలాడతాండాయి, అందుకని నా తడి తువ్వాలు నీ కుర్చీ మీద ఏసినా.

బెలుం గుహల ఫోటోల్లో సన్నటి తెల్ల గీత చూపిచ్చి, “రాతిలోంచి నీళ్లు ఎట్ల జారుతాండాయో చూడప్పా” అని నంద్యాలంతా చెప్పుకుంటాండావే, అవి నీళ్లు కావు. నువ్వు ఫిల్ములు పెట్టే స్కానర్ అద్దానికి అతుక్కున్న నా తలవెంట్రుక. అందుకే అన్ని ఫోటోల్లో ఒకే తావున ఉంది.

సుమలత

అద్దం తుడవాకు. బెలుంకు ఇద్దరం పోయినాం, రీలంతా రాళ్లకే పెట్టినావు. ఆ ఫోటోల్లో నేనుండేది ఆ వెంట్రుకంత మటుకే.