బ్రేకాయిల్

భవానీపురం,
గురువారం మధ్యాహ్నం, 2002.

ఇన్నయ్య బాబాయికి మీ అన్న కూతురి వందనాలు.

ఈ ఉత్తరం ఉయ్యూరు బస్సు డ్రైవరు గారి చేత పంపిస్తున్నాను. అందగానే నాన్నను బండి తియ్యనివ్వకండి. మీ పిల్లల్ని అసలు ఎక్కించకండి.

మేము కొన్న పాత చిన్న జీపులో నిన్న ఎర్ర లైటు వెలిగింది. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి, బ్రేకు ఫ్లూయిడ్ తగ్గిందని చెప్పాను.

"అంటే ఏంటమ్మా?" అన్నాడు నాన్న.

"ఆయిలే నాన్నా, షెడ్డులో బ్రేకాయిల్ అంటారుగా" అన్నాను.

ఇంట్లో ఉన్న ఇంజనాయిల్ తెచ్చి బ్రేకాయిల్ డబ్బాలో పోసేశాడు. లైటు ఆరిపోయింది. నేను సంతోషించాను కూడా.

ఇవాళ ఆ ఇంజనాయిల్ డబ్బా చూసి మెకానిక్ అబ్దుల్లా గారు తల పట్టుకున్నారు. "ఇది పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయమ్మా! బ్రేకు ఎప్పుడు పడదో చెప్పలేం" అన్నారు. అప్పటికే నాన్న మీ దగ్గరికి బయలుదేరిపోయాడు. రేపు పిల్లల్ని కాలువ కట్ట మీదుగా బందరు తీసుకెళ్తాడట. మీ ఎదురింటి ఫోను మోగుతోంది గాని ఎవరూ ఎత్తడం లేదు.

మీరు ఆపితే నాన్న వినడు బాబాయ్. "మా అమ్మాయి పుస్తకం చదివి చెప్పింది" అంటాడు. అందుకని ఈ రెండు ముక్కలూ గట్టిగా చదివి వినిపించండి:

నాన్నా, నేను తప్పు చెప్పాను. బండి దిగు.